తోమినా రాని గుల్ల

మా బాబాయి ఏం ఉద్యోగం చేస్తాడని అడిగితే మా ఇంట్లో ఎవరమూ సూటిగా చెప్పలేము. రేవు గోడకు తాళ్లతో పన్నెండు ప్లాస్టిక్ పలకలు నీళ్లలోకి వేలాడదీస్తాడు. మూడు నెలలకోసారి పైకి లాగి, వాటికి ఏ గుల్లలు, ఏ నాచు అంటుకున్నాయో భూతద్దంతో చూసి రిజిస్టరులో రాస్తాడు. దూరదేశాల ఓడల అడుగున అంటుకుని వచ్చిన జీవాలు ఇక్కడ కాపురం పెడితే, ఉన్నవాటిని బతకనివ్వవు. అలాంటిది ఒక్కటి కనబడినా పై ఆఫీసుకు చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా ఆయన రాసింది ఒకటే మాట: "కొత్తవి లేవు."

పై ఆఫీసుకు మాత్రం ఎంతకాలం ఓపిక ఉంటుంది? కొత్తవే లేనప్పుడు ఈ కేంద్రమెందుకు, మూసేద్దామని ఉత్తరం వచ్చింది. సోమవారం ఆఫీసరమ్మ వచ్చి ఆఖరిసారి పలకలు చూస్తుంది. ఆ తర్వాత బాబాయిని సముద్రం గాలి కూడా తగలని ఊళ్లో, ఫైళ్ల గదిలో పడేస్తారట. ఆ కబురు విన్నప్పటి నుంచీ ఆయనకు ముద్ద దిగలేదు. నాకూ బాధేసింది. పొడినేల మీద ఆయన్ని ఊహించుకోవడమే కష్టం.

ఆదివారం పలకలు తీశాడు. ఆఫీసులో చేతులు కడుక్కునే కుళాయి కూడా పాడైందని, ట్రేలలో ఉప్పునీళ్లు పోసి, పలకల్ని వాటిలో ఉంచి ఇంటికే తెచ్చి పెరట్లో పెట్టాడు. పెట్టిన మనిషి పిన్నితో ఒక్క ముక్క చెప్పొచ్చుగా? చెప్పలేదు. వెళ్లి ముసుగుతన్ని పడుకున్నాడు.

మా పిన్నికి మురికి కనిపిస్తే పూనకం వస్తుంది. బాబాయి లేచేసరికి పన్నెండు పలకలూ తళతళలాడుతూ గోడవారన ఆరుతున్నాయి.

"కొంప ముంచావు కదే!" అంటూ బాబాయి నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

"మూడు నెలల మురికి ఇంటికి మోసుకొచ్చి, పైగా నన్నంటారా? చేతులు పడిపోయాయి తోమలేక!"

సోమవారం ఆఫీసరమ్మ నేరుగా ఇంటికే వచ్చింది. పలకల్లో తన ముఖం చూసుకుని, "ఇవి ఇంకా నీళ్లలో వెయ్యలేదా?" అంది.

"నేనే తోమానమ్మా," అంది పిన్ని. "అన్నీ వచ్చాయి గానీ, ఏడో పలక వెనకాల ఒక్కటి మొండికేసింది. పీచు అయింది, ఇటుకపొడి అయింది, చాకుతో కూడా గీకాను. ఊడితే ఒట్టు!"

ఆఫీసరమ్మ పలక తిప్పింది. వేలిగోరంత గుల్ల, దాని మీద ఊదారంగు గీతలు. భూతద్దంతో చాలాసేపు చూసింది. "ఇది ఈ తీరానిది కాదు," అంది మెల్లగా.

"మనది కాదని నాకెప్పుడో తెలుసమ్మా. ఈయన పారేసే పాత తాళ్లే నాకు బట్టలారేసుకునే దండేలు. చీరలు చిరగకుండా వాటికున్న గుల్లలన్నీ గీకేది నేనేగా. గీతలవి నిరుడే వచ్చాయి. అప్పుడు చిన్నవి, గోటితో ఊడిపోయాయి."

"నిరుడే వచ్చాయా! మరి ఎవరికీ చెప్పలేదేమండీ?"

"నన్నెవరడిగారు?"

బాబాయి రిజిస్టరు తెరిచి, నిరుడు రాసిన "కొత్తవి లేవు"లన్నీ తన చేత్తోనే కొట్టేశాడు.

కేంద్రం మూతపడలేదు. ఇప్పుడు పలకలు పైకి తీసిన రోజు బాబాయి భూతద్దం జోలికి పోడు. ముందు ట్రే పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడతాడు.

"ఏమోయ్, ఇందులో మనవి కానివేమన్నా ఉన్నాయేమో కాస్త చూసిపెడతావా?"

"ముందు ఆ బూట్లు బయట విప్పండి," అంటుంది పిన్ని.