పంద్రాగస్టుకి నౌపడ వెళ్లి ఉప్పు ప్రసంగం చేశాను

గజపతినగరంలో నాకు బట్టల కొట్టు ఉంది. కిందటేడు పంద్రాగస్టుకి మా ఊరి స్టేజీ మీద, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఒక పెద్దాయన చేసిన ప్రసంగం చెప్పబోయి, మధ్యలో మర్చిపోయి గుడ్లప్పగించి నిలబడ్డాను. ఏడాదంతా చీరలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా బేరం కంటే ముందు ఆ సంగతే ఎత్తారు. అందుకే నౌపడ దగ్గర ఒక మత్స్యకార గ్రామం నుంచి చేపల వ్యాపారం చేసే ఎర్రమ్మ గారు నా సంగతి విని ఫోన్ చేసి, అదే ప్రసంగం తమ ఊళ్లో చెప్పమంటే ఎగిరి గంతేశాను. ఈసారి కాగితం చూడకుండా చివరిదాకా చెప్పి తీరాలి. నా పట్టుదలంతా అదే.

తెల్లవారుజామున బస్సెక్కి విజయనగరంలో రైలు పట్టుకున్నాను. నౌపడకి రెండు గంటల పైనే పట్టింది, టికెట్ యాభై లోపే. ఖద్దరు పంచె, చేతికర్ర, అతికించిన తెల్ల మీసంతో ఆ పెద్దాయన వేషంలో కిటికీ పక్కన కూర్చుని ప్రసంగం గొణుక్కుంటుంటే, ఎదురు సీటాయన మెల్లగా వేరే బోగీకి వెళ్లిపోయాడు. నాకు నవ్వూ వచ్చింది, ఉత్సాహమూ వచ్చింది. స్టేషన్ బయట నూట యాభైకి ఆటో మాట్లాడి, ఎనిమిదింటికే జెండా, తొందరగా పోనిమ్మన్నాను.

"పడవలొడ్డుకి రాకుండా జెండా ఏటి బాబూ?" అన్నాడు డ్రైవరు. "తొమ్మిదవుతాది. ఉప్పు మళ్లు సూసుకుంటా ఎల్దాం, కూకోండి."

అతనన్నట్టే పడవలు వచ్చాయి, ఇసుక మీద చేపల వేలం మొదలైంది. వేలం వేసేవాడు "ఎవరికి?" అని నోరు మూసేలోపే ఆడవాళ్లు జవాబిచ్చేస్తున్నారు. అందరికంటే ముందు ఎర్రమ్మ గారి గొంతే. వేలం అయ్యాక జెండా ఎగిరింది, నేను మైకు ముందుకెళ్లాను. మాటలు వాటంతటవే వస్తున్నాయి.

"నాతో ఉప్పు తియ్యడానికి ఎవరొస్తారు?" అని అరిచి ఆగాను. ఆనాటి ప్రసంగం విన్నది పట్నం వర్తకులు. నా కాగితంలో ఇక్కడ 'వర్తకులు మౌనం' అని ఉంది. ఆ మౌనాన్ని దులిపెయ్యడమే మిగతా సగం.

"నానొస్తాను!" ఎర్రమ్మ గారు లేచి నిలబడ్డారు. వెనకాలే ఊరంతా లేచింది.

"అమ్మా, ఇంకా సగం ఉంది, కూర్చోండి" అని గుసగుసలాడాను.

"నువ్వే కదేటి అడిగినావు! మా కాడ అడిగినప్పుడు నోరిప్పకపోతే సరుకు పక్కోలకి పోతాది. దిగు బాబూ, నడు!"

మిగతా సగం ఒక్క మాట పొల్లుపోకుండా నాలుక మీదే ఉంది. కానీ ఇంతమంది లేచి నిలబడ్డాక మాట్లాడరేమని ఎవరిని తిట్టను? స్టేజీ దిగాను. నినాదాలు చేస్తూ అందరం సముద్రం దాకా నడిచాం. మోకాలి లోతు నీళ్లలో దోసిలి పట్టి పైకెత్తితే ఒళ్లు పులకరించింది. నా మీసం అలల్లో పోయింది.

మీరు వెళ్లేటట్టయితే పడవలు ఎన్నింటికొస్తాయో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, జెండా ఆ తర్వాతే. నేను మాత్రం చివరిదాకా చెప్పాలని వెళ్లి సగమే చెప్పి వచ్చాను, అయినా ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. ఆ మౌనం మా కొట్లవాళ్లది. ఆరోజు ఆ పెద్దాయన ముందు ఎర్రమ్మ గారి లాంటి మనిషి ఒక్కరున్నా, నేను ఏడాదంతా బట్టీపట్టిన ఆ రెండో సగం పుట్టేదే కాదు.