ఎరువేసిన చేపల తొట్టి

చదివేముందు ముక్కు మూసుకోండి, తరువాత ముందే ఎందుకు చెప్పలేదని నన్ను తిట్టకండి. ఒక్క గాజుతొట్టితో హైస్కూలంతటినీ ఆవరణలోకి పరుగెత్తించిన ఘనుణ్ణి నేను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జగిత్యాల దగ్గర ఒక బడిలో సైన్సు మాస్టరుగా చేరాను. నాది కచ్చా ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు వచ్చి మెచ్చుకుంటేనే పక్కా. ఆయనకు చేపలంటే ఇష్టమని ఎవరో చెప్పారు. అంతే, నా బుర్రలో నిలువెత్తు తొట్టి, అందులో పచ్చని మొక్కలు, వాటి మధ్య చేపలు ఈదసాగాయి.

"తప్పకుండ చెయ్యి," అన్నారు హెడ్మాస్టరు గారు. "ఖర్చు మాత్రం అడగొద్దు."

సరే, అడగలేదు. విరిగిన బీరువా అద్దాలు తీసి, కమ్మరిచేత ఇనుప చట్రం కట్టించి, సందుల్లో లప్పం కూరాను. చేపలకు గాలి అందడానికి పాత జీపు ట్యూబు! సైకిలు పంపుతో నింపి, మూతికి రబ్బరు గొట్టం తగిలించి, దాని కొస తొట్టి అడుగుకు దించి, క్లిప్పు పెట్టాను. దీపం ఎందుకు దండగ, కిటికీలో ఎండ ఉందిగా! తొట్టిని నడి ఎండలో నిలబెట్టాను. మొక్కల బలానికి అడుగున పశువుల ఎరువు బుట్టెడు, పైన ఇసుక, అందులో మొక్కలు. రైతు కొడుకును కదా, నాకు తెలియనిదేముంది!

ఎరువు మోసుకొచ్చిన మా నాన్న, అదే మా బాపు, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అరే, గిదేందిరా? మడిల నీళ్లు పారుతయి. నీ పెట్టెల ఏడికి పారుతయిరా?"

"బాపూ, నేను బీఎస్సీ చదివిన."

"అయితే ఫికర్ లేదు తియ్యి," అని బాపు వెళ్లిపోయాడు. ఆ మాటలో ఎంత వెటకారం ఉందో ఇప్పుడు అర్థమవుతోంది.

మానేరు వాగు నుంచి పరక చేపలు తెచ్చి వదిలాను. వారం తిరగకముందే నీళ్లు పచ్చబడ్డాయి. ఇంకో వారానికి చిక్కటి గోంగూర పులుసయ్యాయి. అడుగు నుంచి బుడబుడమని బుడగలు. "చూశారా, మొక్కలు శ్వాసిస్తున్నాయి!" అని పిల్లలకు పాఠం కూడా చెప్పాను. సిగ్గు లేకపోతే సరి.

ఇన్‌స్పెక్టరు గారు తెల్లటి లాల్చీలో వచ్చారు.

"మాస్టరూ, చేపలేవి?"

"లోపల విహరిస్తున్నాయి సార్," అన్నాను. నిజానికి రెండు రోజుల కిందటే అవన్నీ చచ్చి తేలితే, బడి వెనక గుంట తీసి పూడ్చాను.

"ఏదీ, కనబడవే!" అంటూ ఆయన తొట్టి మీదికి వంగారు.

ఇక నా ఉద్యోగం పోయినట్టే. కాస్త గాలి కొడితే నీళ్లు తేటబడతాయని ఏ దయ్యం చెప్పిందో, క్లిప్పు పూర్తిగా లాగేశాను. జీపు ట్యూబంతా ఒక్కసారిగా లోపలికి ఊదింది. ఇసుక లేచింది, ఎరువు లేచింది, ఇన్నాళ్లూ అడుగున బంధించిన కంపంతా లేచింది. తెల్ల లాల్చీ మీద చుక్కలు కాదు, ఏకంగా అలుకే!

"యా అల్లా!" అంటూ హెడ్మాస్టరు గారు బయటికి పరుగెత్తారు. ఆయన వెనక పిల్లలు, పిల్లల వెనక నేను.

నెలకు రిపోర్టు వచ్చింది. హెడ్మాస్టరు గారు కాగితాన్ని దూరంగా పట్టుకొని చదివారు, అది కూడా కంపు కొడుతున్నట్టు.

"ముబారక్! నీ నౌకరి పక్కా అయింది."

"సైన్సుకేనా సార్?"

"కాదు. తోటపని పాఠాలకు! ఎరువు మీద నీకు మంచి నమ్మకమున్నదట. గాజు సామాను మాత్రం ముట్టనియ్యొద్దని రాసిండు."

ఎగురుకుంటూ వెళ్లి బాపుకు చెప్పాను. ఆయన నోట్లోంచి చుట్ట తీశాడు.

"పోరగాండ్లకు ఎవుసం నేర్పుతవా? మరి నీకెవలు నేర్పుతరురా?"

ఆదివారమే పలక పట్టుకొని పొలం గట్టున బాపు ముందు కూర్చున్నాను. అప్పుడే ఆ మడి నీళ్లు ముట్టుకొని ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో, నీళ్లు పారని చోట ఎరువు వేయను, బాపు మాట్లాడుతుంటే బీఎస్సీ అనను.