లైను పెద్ద బండి

పోయిన వారం బోధన్ పాత బస్టాండు దగ్గర, చెరుకు రసం బండి వెనుక కట్టిన ఒక ఫ్లెక్సీలో నా ముఖం నాకే ఎదురైంది. పై వరుసలో పెద్దల బొమ్మలు, వాటి కింద కోటు తొడుక్కున్న నా మేనల్లుడు, అన్నింటికంటే అడుగున ఒక మూలన అగ్గిపెట్టె అంత చదరంలో నేను, నా పేరుకు ముందు ‘మార్గదర్శకులు’ అనే బిరుదు. క్రైస్తవ యువతకు ప్రభుత్వ నిధులతో జరిపే నాయకత్వ శిక్షణ శిబిరం ఈ యేడు కూడా నిజామాబాదులోనే జరుగుతుందని అందులో రాశారు. నన్ను అడగకుండా నా బొమ్మ వేసినందుకు నేను పెద్దగా బాధపడలేదు. ఒకవైపు తాడు జారి ఆ ఫ్లెక్సీ వంకరగా వేలాడుతుంటే సరిచేయడానికి చేయి దానంతట అదే లేచింది, అంతలోనే దించుకున్నాను. జీవితమంతా బడిలో వరుసలు దిద్దినవాడికి వంకరగా ఉన్నదాన్ని చూసీ వదిలిపెట్టి రావడం ఎంత కష్టమో నా ఈడువారికి నేను వివరించనక్కరలేదు.

నాయకత్వమంటే ఏమిటో నేను మొదట నేర్చుకున్నది చక్కెర కర్మాగారం గేటు ముందు. మాది బోధన్ పక్కన చెరుకు పండించే ఊరు, ఆదివారం చర్చికి వెళ్లే రైతు కుటుంబం. నిజామాబాదులో మిషన్ హాస్టలులో ఉండి చదువుకునే నేను సెలవులకు వచ్చినప్పుడల్లా బాపు నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని గేటుకు తీసుకుపోయేవాడు. అక్కడ చెరుకు బండ్లు రోడ్డు మలుపు దాకా నిలబడేవి. కాటా ఎక్కడానికి ఒక్కోసారి మరునాటి దాకా ఆగవలసి వచ్చేది. ఆగినకొద్దీ చెరుకు ఎండుతుంది, ఎండినకొద్దీ తూకం తగ్గుతుంది కనుక, ఎలాగైనా ఒక బండి ముందుకు జరగాలని ప్రతివాడికీ ఆరాటమే. ఆ తగవులు పెరగకుండా బండ్లవాళ్లే తమలో ఒకరిని లైను పెద్దగా నిలబెట్టుకునేవారు. ఎవరి తర్వాత ఎవరో చెప్పే అధికారం అతడిదే. అయితే దానికొక కట్టుబాటు ఉండేది. ఆ పూట వచ్చిన బండ్లన్నీ కాటా ఎక్కిన తర్వాతనే లైను పెద్ద బండి ఎక్కాలి.

మా బాపును తరచుగా లైను పెద్దగా నిలబెట్టేవారు. హిందువులు, ముస్లింలు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ రైతులు, అందరి బండ్లనూ ముందుకు పంపి, వాడిపోయిన చెరుకుతో ఆయన ఆఖరున కదిలేవాడు. ఇంటికి వచ్చాక మా అవ్వ, అంటే మా అమ్మ, ఊరుకునేది కాదు. “పెద్దరికం నీకు, ఎండిన చెరుకు మాకు,” అని దెప్పేది. బాపు తలపాగా విప్పుకుంటూ, “ముందుగాల పోయెటోని మాట ఎవడింటడే,” అని నవ్వేవాడు. ఆ తర్వాత హాస్టలులోనూ కాలేజీలోనూ నాకు చాలా బోధించారుగాని, ఆ మాటను దాటిన పాఠం ఒకటీ దొరకలేదు.

ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న తర్వాత, కర్మాగారం మూతపడి పట్టణంలో యువకులకు పనీపాటా లేని రోజుల్లో, ఒక బెల్లం వ్యాపారి ఖాళీ గోదాము అడిగి తీసుకుని శనివారం సభ మొదలుపెట్టాను. కాలేజీ పిల్లలు, మెకానిక్కులు, కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలు, మతంతో నిమిత్తం లేకుండా వచ్చేవారు. సభను నడపడం, అధికారి ముందు బెదరకుండా విన్నవించడం, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం, ఇవి మా పాఠాలు. నెలకొకరు లైను పెద్ద. అందరూ మాట్లాడాక మాట్లాడాలి, అందరూ తాగాక చాయ్ తాగాలి, అందరూ వెళ్లాక గోదాము ఊడ్చి తాళం వేయాలి. తల్లి పోయినప్పటి నుంచి నా ఇంట్లోనే పెరిగిన మా చెల్లెలి కొడుకు ఆ సభకు మొట్టమొదటి లైను పెద్ద. వాడు ఊడ్చిన నేల మీద చీపురు గీతలు కూడా తిన్నగా ఉండేవి. అది చూసి నేను లోలోపల గర్వపడేవాణ్ణి.

ఆ మేనల్లుడే ఒకనాడు శిబిరం సంగతి తెచ్చాడు. ప్రభుత్వం ఒక్కో మైనారిటీ మతం యువతకు విడివిడిగా నాయకత్వ శిక్షణ ఇప్పించబోతున్నదని, మన క్రైస్తవ పిల్లల శిబిరం తన చేతికి వచ్చేలా ఉందని చెప్పాడు. విడివిడిగా ఎందుకని నేను అడిగాను. “మామా, అందరం కలిసి కూసున్న సోట మన పోరగాండ్లకు సప్పట్లు కొట్టుడే మిగిలింది. మైకు వాళ్ల చేతికి రావాలంటే గిట్లనే వస్తది,” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. కూలి ఇళ్ల నుంచి వచ్చిన మా చర్చి పిల్లలు ఎన్ని సభల్లో కుర్చీలు మోసి వెనక నిలబడ్డారో నేను చూడనిది కాదు. అందుకే ప్రభుత్వం చేయి అందిస్తే తప్పుపట్టే మనిషిని కాను. ఒక్కటే అడిగాను: మన సభలోని వారంతా వచ్చి వెనక వరుసలోనైనా కూర్చుని వినాలి. “అది నాకిడిసిపెట్టు మామా,” అన్నాడు. వదిలిపెట్టాను.

శిబిరం నాడు అందరం ఒకే బస్సులో నిజామాబాదు వెళ్లాం. ఆ నెల లైను పెద్ద, వెల్డింగు షాపు నడిపే ఒక ముస్లిం పెద్దాయన కూతురు, బి.ఇడి. చదువుతున్న పిల్ల. మా పద్ధతి ప్రకారం అందరినీ దింపి ఆఖరున దిగింది. ఫంక్షన్ హాలు గుమ్మంలోనే మేనల్లుడు నా చేయి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయి మెత్తటి సోఫాలో కూర్చోబెట్టాడు. సభ మొదలై ఒక అధికారి లేచాడు. బోధన్‌లో ఇన్నేళ్లుగా కేవలం క్రైస్తవ యువత కోసం శనివారం సభ నడుపుతున్న మహనీయుడని నన్ను చూపిస్తూ, ఆ సభను చూసే ఈ శిబిరం మంజూరు చేశామని చెప్పాడు. నేను హాలు వైపు చూశాను. మెడలో శిబిరం గుర్తింపు బిళ్లలు వేసుకున్న మా చర్చి పిల్లలు మాత్రమే ఉన్నారు. మిగిలిన మావాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లను గుమ్మంలోనే ఆపేశారని అప్పుడు అర్థమైంది.

సభామర్యాద మీరడం నా స్వభావం కాదు. నా వంతు వచ్చేదాకా ఆగి లేచి, ఆ సభ ఏ ఒక్క మతానిదీ కాదని, దాని లైను పెద్ద ఈ తలుపుల బయట ఉందని, ఆమెను లోపలికి పిలవాలని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఫోటోలకు నిలబెట్టారు. తలుపులు మాత్రం తెరుచుకోలేదు. “మన సభ గట్లనే ఉన్నదని సూపియ్యకుంటె మంజూరు గాకపోవు మామా,” అని మేనల్లుడు నా చెవిలో అన్నాడు. ఒక క్షణం ఆగి, “సప్పట్లయితె గట్టిగనే కొట్టిండ్రు గద,” అని కూడా అన్నాడు.

శాలువా సోఫా మీదే పెట్టి బయటికి వచ్చాను. మెట్ల మీద మావాళ్లు మిర్చిబజ్జీలు తింటున్నారు. ఆ పిల్ల లేచి నిలబడి, “మా వాళ్లకు వేరే దినం పెడతరట సార్. వీళ్లకైతే ఏ దినం లేదట,” అని పక్కనున్న హిందూ పిల్లలను చూపించి నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది: “లైన్ల ఆఖరికి నిలబడుడు నేర్చుకున్న సార్. గీ లైనే నాది కాదంటె ఎక్కడ నిలబడాల్నో సమజైతలేదు.” 

ఆ వచ్చే శనివారం గోదాము తలుపు తీశాను. చర్చి పిల్లలకు అదే సమయానికి మేనల్లుడు వేరే తరగతి పెట్టాడు. తక్కినవారు మొహమాటపడి రాలేదు. ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. నేను మాట్లాడాక తను మాట్లాడింది, నేను తాగాక చాయ్ తాగింది, తర్వాత ఎవరూ తొక్కని నేలను మూలమూలనా ఊడ్చి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆ నెలతో సభ ఆగిపోయింది. మేనల్లుడు ఇప్పటికీ పండుగకు వచ్చి నా కాళ్లకు దండం పెడతాడు. దీవిస్తాను, అంతకు మించి మా మధ్య మాట లేదు.

ఇప్పుడు బోధన్‌లో చెరుకు బండ్ల వరుసలు లేవు, కాటా లేదు, నాయకులకు మాత్రం కొరత లేదు. వాళ్లందరి బొమ్మలూ బస్టాండు దగ్గర పై వరుసలోనే ఉన్నాయి. నిన్న సాయంత్రం మళ్లీ అటు నడిచి, వంకరగా వేలాడుతున్న ఆ ఫ్లెక్సీ ముందు కాసేపు నిలబడి, మా బాపు బండిని తలచుకున్నాను. అది ఎప్పుడూ ఆఖరునే ఉండేది. కాని దాని ముందున్న బండ్లన్నీ దానివే అన్నట్టుండేది.