జమేదారు పోయిన తర్వాత

మా బాపు పెన్‌గంగ మీద పడవ నడిపేవాడు. ఇవతలి గట్టు నిజాం రాజ్యం, అవతలిది ఇండియా. నలభై ఎనిమిదిలో మా గట్టున చౌకీ వేసిన నిజాం దళానికి ఒక జమేదారు పెద్ద. కఠినుడే కానీ మాట తప్పేవాడు కాదు. పగటిపూట ఆడవాళ్లను, పిల్లలను ఏరు దాటనిస్తానని బాపుకు మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. అలా ఎన్నో కుటుంబాలు క్షేమంగా అవతలికి చేరాయి.

ఎండాకాలంలో ఒక ఉదయం, అవతలి నుంచి వచ్చిన సిపాయిలు ఏట్లో గుర్రాన్ని కడుగుతున్న జమేదారును గురిచూసి కాల్చి వెళ్లిపోయారు. ఊరంతా సంబరపడింది. పదేళ్లదాన్ని, నేనూ గంతులేశాను. బాపు మాత్రం పడవ కట్టేసి గట్టున కూర్చున్నాడు.

"నీకు సంతోషం లేదా బాపూ?"

"ఆయన పోయిండు బిడ్డా. ఆయనిచ్చిన మాట గూడ పోయింది. రేపు ఎవనితోని మాట్లాడాలె?"

మూడో రోజే తెలిసింది. జమేదారు కింద పనిచేసినవాడే పెత్తనానికి వచ్చాడు. తననూ అలాగే కాలుస్తారని భయం వాడికి. ఎవరినీ నమ్మలేదు. పడవను గొడ్డళ్లతో నరికించాడు. సిపాయిలకు కబురంపింది నువ్వేనంటూ బాపు కుడిచేయి విరగ్గొట్టించాడు. వానాకాలం పోకముందే ఇండియా సైన్యం వచ్చింది, వాడు పారిపోయాడు. బాపు చెయ్యి మాత్రం సరిగా అతకలేదు. మళ్లీ తెడ్డు పట్టలేదు.

జమేదారు భార్య ఊళ్లోనే ఉండిపోయింది. కొందరు ఆమెను వెళ్లగొట్టడానికి వస్తే మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది.

"గీమె తుపాకి పట్టిందా? నా పెనిమిటి చెయ్యి గీమె ఇరగ్గొట్టిందా? జర సోయి తెచ్చుకోండ్రి!"

వాళ్లు వెనుదిరిగి వెళ్లిపోయారు.

నేను కుట్టుపని నేర్చుకున్నది జమేదారు భార్య దగ్గరే; ఆమెను చాచీ అని పిలిచేదాన్ని. ఆ పనే మా ఇంటికి కూడు పెట్టింది. ఒకనాడు రవిక కత్తిరిస్తూ అడిగాను.

"చాచీ, ఆయనను చంపినోళ్ల మీద నీకు కోపం లేదా?"

"గుస్సా ఉంటది బేటీ. కానీ ఆయన ఉంటే మీ బాపు చెయ్యి మంచిగుండేది. గదే ఎక్కువ యాదికొస్తది."

నాకిప్పటికీ ఎక్కడో ఒక సేనానిని కాల్చి చంపారని పత్రికలో కనబడితే, వాడి జాగాలోకి ఎవడు వచ్చాడో చదవందే తోచదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు చాచీకి విషజ్వరం వచ్చింది. బాపు బండి కట్టించి, ఎడమచేత్తో పగ్గాలు పట్టుకొని ఆదిలాబాదు ఆసుపత్రి దాకా తానే తోలాడు. నెల తిరక్కముందే ఆమె లేచి మళ్లీ మిషను ముందు కూర్చుంది.