ముంపుగడ్డి ఔతి

హొంకావెసి సరస్సు ఒడ్డు ఊళ్ళో ఆమెను ఇంటిపేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. ముంపుగడ్డి ఔతి అంటేనే ఎవరైనా గుర్తుపట్టేవారు. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరది. పోను పోను ఎగతాళి పోయి పేరు మిగిలింది.

రష్యాతో యుద్ధం ముగిసి సరిహద్దు ఇటు జరిగినప్పుడు, రష్యా వైపు పడిపోయిన ఐత్తో అనే ఊరి నుంచి వచ్చింది ఔతి. మొగుడు సీమో యుద్ధం ఆఖరి వేసవిలో పోయాడు. వెంట వచ్చింది అత్త మౌరా, ఒక ఆవు, అత్త దుప్పట్లో చుట్టి గుండెకు హత్తుకుని తెచ్చిన మేరీమాత పటం. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళకు సర్కారు ఇక్కడి పెద్ద ఆసాముల పొలాల్లోంచి తలా కొంత కోసి ఇచ్చింది. వీళ్ళ వంతుకు వచ్చింది విహ్తోరి రౌతియో పొలం.

విహ్తోరిని చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. కానీ అతని ఒక్కగానొక్క కొడుకు లౌరి ఆ యుద్ధంలోనే పోయాడు. శవమైనా ఇంటికి రాలేదు. వెనక్కి తగ్గే తొందరలో తోటివాళ్ళు అడవిలోనే వదిలేసి రావలసి వచ్చింది. ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే కొలతగాళ్ళు వచ్చి పొలంలో గొలుసులు పరిచారు.

"కొడుకునిచ్చాను, సరిపోలేదు కాబోలు. ఇప్పుడు నేల కూడా కావాలిట," అని మాత్రం అన్నాడు విహ్తోరి. ఇవ్వక తప్పదు గనక, ఉన్నదాంట్లో అధ్వాన్నమైనది చూసి ఇచ్చాడు. అది సరస్సు అంచున పల్లపు గడ్డినేల. వసంతంలో మంచు కరగడం మొదలైతే సరస్సు వచ్చి దాని మీద ఎక్కి కూర్చునేది. ఎండలు ముదిరేదాకా దిగేది కాదు. ఆ గడ్డి కోయాలంటే మోకాటి లోతు బురదలో దిగాలి. కోసినా ఆవు మూతి తిప్పేసుకునేది.

మొదటి చలికాలం ఎలాగో గడిచింది. వసంతానికి పిండి అడుగంటింది, ఆవు వట్టిపోయింది. ఒక పొద్దున మౌరా బిందె నీళ్ళకని ఒడ్డుకు వెళ్ళి, బిందె అక్కడే పారేసి రొప్పుతూ వచ్చింది.

"ఒసే ఔతీ! ఇటు రాయే బేగి! గాలి నేదు, ఆకు కదల్దు, మన గడ్డి సూత్తే ఊగిపోతంది!"

ఔతి పరుగున వెళ్ళి చూసింది. సరస్సు నడుమ ఇంకా మంచు గడ్డకట్టే ఉంది. ఒడ్డు వెంట మాత్రం నీళ్ళు విచ్చుకుని, ముంపుగడ్డి నిండా పొద్దుటెండ పరుచుకుంది. ఆ వెచ్చటి నీళ్ళలోకి హౌకి చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చాయి. చేయంత పొడుగు తల్లి చేప ఒకటి, దాని పక్కన చిన్న మగచేపలు రెండు మూడు. వీపులు నీళ్ళపైకి తేలేంత లోతు తక్కువ. పచ్చని ఒంటి మీద లేతపసుపు మచ్చలు. అవి ఒరుసుకుంటూ మెలితిరిగినప్పుడల్లా గడ్డి దుబ్బులు వంగి లేస్తున్నాయి.

మౌరా శిలువ గుర్తు వేసుకుంది. "మన ఐత్తోలో లాగానే వొచ్చీసినాయే," అంది. ఆ ఊరు వదిలాక ఆమె ఏడవడం ఔతి చూసింది అప్పుడే.

ఔతి తండ్రి ఐత్తోలో చేపల దడి కట్టడంలో పేరున్నవాడు. కూతురికీ నేర్పాడు. దేవదారు దుంగను సన్నటి బద్దలుగా చీల్చి, వాటిని బురదలో పక్కపక్కన దిగేసి, గుండె ఆకారంలో దడి కట్టాలి. నోరు ఇరుగ్గా ఉంచాలి. గడ్డి వెంట ఈదుకుంటూ వచ్చిన చేప లోపలికి దూరుతుంది కానీ, బయటికి దారి తోచదు. చేతివలతో ముంచుకోవడమే. ఔతి పొద్దస్తమానం మోకాటిలోతు చన్నీళ్ళలో నిలబడి దడి కట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు ఒడ్డెక్కి, మంట దగ్గర కాచుకుని, మళ్ళీ దిగింది.

మర్నాడు విహ్తోరి పొడుగు బూట్లు తొడుక్కుని వచ్చాడు. వస్తూనే నీళ్ళలోకి దిగి బద్దలు పీకడం మొదలుపెట్టాడు.

"ఏం ఆసామీ, ఏం చేస్తున్నారు?" అంది ఔతి గట్టు మీంచి.

"నీకిచ్చింది నేల. నీళ్ళు ఇవ్వలేదు. ఈ సరస్సులో చేపలు పాత కాపురాలవాళ్ళవి. కావాలంటే కాగితాలు చూసుకో."

"నేల నాదేగా?"

"నీదే. ఎవరు కాదన్నారు?"

"మరి మీ నీళ్ళు నా నేల మీదికెందుకొచ్చాయి? నేను పిలిచానా? తోలుకుపోండి."

గట్టు మీద చేరిన నలుగురూ గొల్లుమన్నారు. విహ్తోరి మొహం కందగడ్డ అయింది. చేతిలో ఉన్న బద్దను నీళ్ళలోకి విసిరి వెళ్ళిపోయాడు. ఔతి దిగి, అతను పీకిన బద్దలన్నీ ఒక్కొక్కటే ఏరుకుని మళ్ళీ దిగేసింది.

ఆ మాట ఊరంతా తిరిగింది. పొరుగూరి చర్చి దగ్గర కూడా చెప్పుకుని నవ్వారు. నవ్వుల పాలైనవాడికి ఆ నవ్వు ఎలా ఉంటుందో ఔతికి తెలుసు. అత్తాకోడళ్ళది ఇక్కడివాళ్ళకు లేని, రష్యాలో ఉండే తూర్పు చర్చి కావడంతో, పటం ముందు దీపం పెట్టుకుంటే "రష్యావాళ్ళ పూజలు మొదలయ్యాయిరో" అని కిటికీ కిందే అనేవాళ్ళు ఇక్కడ. అందుకని మొదట పడిన హౌకిని తీసుకెళ్ళి విహ్తోరి గేటుకు వేలాడదీసి వచ్చింది. దాన్ని కాకులు పొడుచుకు తిన్నాయి.

"సిగ్గు నేదా నీకు? ఆడు సీ కొడితే మళ్ళీ మళ్ళీ ఎల్తావేటే?" అంది మౌరా మరుసటేడు, ఔతి మళ్ళీ చేప పట్టుకుని బయల్దేరుతుంటే.

"ఆయన నీళ్ళే కదత్తా," అంది ఔతి.

అలా కొన్నేళ్ళు కాకులే తిన్నాయి. తర్వాత ఒక వసంతంలో గేటు మీద చేప కనబడలేదు, కింద రెక్కముక్కా లేదు. విహ్తోరి భార్య ఎల్మా చీకటితో లేచి తీసుకెళ్ళి, వెన్నా పాలూ పోసి వండిందని పనిమనిషి చెప్పింది. ఏం చేపని ఆసామీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తిన్నాడు.

ఆ ముంపుగడ్డి మీదే అత్తాకోడళ్ళు బతికారు. వసంతంలో పట్టిన హౌకిని వీపున చీల్చి, ఉప్పు రాసి, చూరుకు కట్టి ఎండబెట్టేవారు. కొంత రై పిండికి, కొంత ఉప్పుకీ కిరసనాయిలుకీ మార్చుకునేవారు. ఊళ్ళో చేప కావాల్సినవాళ్ళు వచ్చి గట్టు మీద నిలబడేవారు. గుడ్లు రాలుస్తున్న తల్లి చేప వలలో పడితే మాత్రం ఔతి ఎవరెంత అడిగినా ఇచ్చేది కాదు. రెండు చేతులా పట్టి నీళ్ళలోకి వదిలేసేది. "పురిటిది," అనేది అంతే.

మౌరా పోయింది కూడా చేపల రోజుల్లోనే. రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. అనాయాసపు చావే. వచ్చిన చిక్కల్లా ఎక్కడంటే, అది మంచుకూ నీళ్ళకూ మధ్య కాలం. సరస్సు మీద మంచు నడిస్తే మనిషిని మోయదు, పడవ వేస్తే దారి ఇవ్వదు. చర్చి ఊరు అవతలి ఒడ్డున ఉంది. అడవి దారి వరదకు తెగిపోయింది. వీళ్ళ చర్చి గురువు రైల్లో ఊరూరూ తిరిగేవాడు. ఆ శనివారం చర్చి ఊరికి వస్తాడు, అదే సాయంత్రం వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలియదు. ఔతి అత్తకు స్నానం చేయించి, తెల్లబట్ట కట్టి, తల దగ్గర పటం పెట్టి కూర్చుంది. ఎవరినడగాలో తోచలేదు. అడిగినా ఈ మంచు మీద ఎవరొస్తారు?

శుక్రవారం సాయంత్రం తలుపు చప్పుడైంది. విహ్తోరి. అన్నేళ్ళలో ఆ గడపకు అతను రావడం అదే మొదలు. టోపీ తీయకుండా బయటే నిలబడ్డాడు.

"దడిలో చేపలు కొట్టుకుంటున్నాయి. బద్దలు ఊగిపోతున్నాయి. నిన్నా తీయలేదు, ఇవాళా తీయలేదు. ఏమైంది?"

"అత్తయ్య పోయింది, ఆసామీ."

విహ్తోరి టోపీ తీశాడు. లోపలికి తొంగి చూసి, తెల్లబట్ట కిందున్న ఆ చిన్న శరీరాన్ని కాసేపు చూశాడు.

"పెట్టె ఉందా?"

"లేదు."

"మా కొట్టంలో దేవదారు పలకలున్నాయి," అని వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా ఆ కొట్టంలోంచి సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పొద్దున్నే అడుగున మంచు మీద జారే బద్దలు బిగించిన పడవను గుర్రంతో ఒడ్డుకు ఈడ్పించుకొచ్చాడు. ఇద్దరూ కలిసి పెట్టెను అందులోకి ఎక్కించారు. పడవకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు అంచు పట్టుకుని, ఒక కాలు మంచు మీద తన్ని తోసుకుంటూ బయల్దేరారు. కాలి కింద మంచు కరకరమంటే చటుక్కున పడవలోకి ఎక్కాలి. తప్పితే నీళ్ళలోకే.

"కాలు చూసుకో. నల్లగా ఉన్నచోట మోపకు."

"తెలుసు ఆసామీ. మాదీ సరస్సు ఊరే."

సగం దూరం వెళ్ళాక మంచు ఒక్కసారిగా దిగబడింది. ఇద్దరూ పడవలోకి దూకారు. పెట్టె ఒక పక్కకు జారింది. ఔతి దాని మీద బోర్లా పడి రెండు చేతులతో ఒడిసిపట్టుకుంది. పడవ ఊగి ఊగి నిలబడింది. చుట్టూ నల్లటి నీళ్ళు, తేలే మంచు పెచ్చులు. విహ్తోరి తెడ్డుతో ముందున్న మంచును పగలగొట్టుకుంటూ కూర్చున్నాడు. ఊపిరి అందనప్పుడు ఆగాడు. ఆగినప్పుడు, అటు తిరిగే అడిగాడు.

"మీ ఐత్తోలో... ఊరికి పడమటగా ఒక గుట్ట ఉందా?"

"ఉంది. ఇసక గుట్ట. ఎందుకు?"

"మావాడు అక్కడే. వదిలేసి వచ్చినవాళ్ళు చెప్పారు."

"నేను ఆ ఊరిదాన్నేనని మీకెప్పుడు తెలిసింది?" అంది ఔతి.

"నువ్వొచ్చిన రోజే. ఏ ఊరని కొలతగాళ్ళు అడిగారు, నువ్వు చెప్పావు. అక్కణ్ణుంచి మావాడు రాలేదు, నువ్వొచ్చావు. నీ మొహం చూడబుద్ధి కాలేదు. అడగబుద్ధీ కాలేదు. అడిగితే నిజమైపోతుందని."

పెట్టె మీద చేయి తీయకుండానే ఔతి చెప్పడం మొదలుపెట్టింది. గుట్ట మీద దేవదార్లు నిటారుగా, ఎడంఎడంగా ఉంటాయి. కింద తెల్లటి నాచు, ఎండాకాలం నడిస్తే కాలి కింద పెళపెళమంటుంది. చిన్నప్పుడు అడవిపళ్ళకు అక్కడికే వెళ్ళేవాళ్ళం. పొద్దు వాలేదాకా ఎండ ఉంటుంది. నీళ్ళు నిలవవు, ఇసక కదా. పొడి నేల.

"పొడి నేలా?" అన్నాడు విహ్తోరి.

"పొడి నేలే."

"బురదలో ఉన్నాడేమో అనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా," అన్నాడు. తర్వాత తెడ్డు తీసుకుని మంచును కొట్టసాగాడు. భుజాలు ఎగిసి పడుతున్నాయి. ఔతి అటు చూడలేదు.

గురువు బండి ఎక్కే వేళకు ముందే చర్చి ఊరు చేరారు. మట్టి వేసేటప్పుడు ఆ పాట, ఆ ధూపం, ఏదీ విహ్తోరికి తెలిసినవి కావు. అయినా అందరికంటే వెనకగా నిలబడి ఆఖరిదాకా ఉన్నాడు. గురువు పోయినవాళ్ళ పేర్లు చదువుతున్నప్పుడు ఔతి దగ్గరికి వెళ్ళి మెల్లగా ఏదో అంది. ఆయన మౌరా పేరు తర్వాత, సీమో పేరు తర్వాత, లౌరి అన్న పేరు కూడా చదివాడు.

తిరిగి వచ్చాక విహ్తోరి నేరుగా ముంపుగడ్డికి వెళ్ళి నీళ్ళలోకి దిగాడు. దడిలో పడినవాటిలో కొన్ని చచ్చి తేలాయి. బతికున్నవాటిని వలతో ముంచి ఒడ్డున పోశాడు.

"ఆ పెద్దదాన్ని వదిలేయండి ఆసామీ, గుడ్ల మీదుంది," అంది ఔతి.

"ఇది రెండిళ్ళకు వారం కూర!"

"వదిలేయండి."

వదిలేశాడు.

ఆ తర్వాత వాళ్ళ మధ్య పెద్ద స్నేహమేమీ కుదరలేదు. ఇద్దరూ మాటల మనుషులు కారు. అయితే హౌకి ఎక్కే రోజుల్లో విహ్తోరి వచ్చి దడి బద్దలు చీల్చిపెట్టేవాడు. పని మధ్యలో, "ఆ గుట్ట మీంచి సరస్సు కనబడుతుందా?" అనో, "అక్కడ పిట్టలేవి కూస్తాయి?" అనో ఒక్క ప్రశ్న వేసేవాడు. ఔతి తెలిసింది చెప్పేది. తెలియంది తెలియదనేది. ఒక గడ్డికోతల కాలంలో అతను పొలంలోనే కూలబడి ప్రాణం వదిలాడు.

చాలా ఏళ్ళకు సరిహద్దు అవతలికి బస్సులు వెళ్ళనిచ్చారు. ఔతికి అప్పటికి కర్ర లేనిదే అడుగు పడదు. అయినా వెళ్ళింది. వచ్చిన మర్నాడు ఎల్మా ఇంటికి వెళ్ళింది. ఎల్మాకు చూపు తగ్గింది. చేతులు ముందుకు చాచి, తడుముకుంటూ వచ్చి తలుపు తీసింది.

"చూశావా?"

అబద్ధం చెప్పొచ్చు. దారంతా అదే ఆలోచించింది ఔతి. "గుట్ట పోల్చుకోలేకపోయానమ్మా. ఊరే లేదు. ఎటు చూసినా చెట్లే," అంది. "సరస్సు మాత్రం ఉంది. ఒడ్డున గడ్డిలో హౌకి ఎక్కింది. పట్టేవాడు లేక ఎక్కడ చూసినా అవే."

ఎల్మా పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి, ఔతి చేయి వెతికి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మొదట్నుంచీ చెప్పు," అంది. "బస్సు దిగిన దగ్గర్నుంచి."