ఓబులేష్ ఎలుక

కళ్యాణదుర్గంలో కారుకు కరెంటు జబ్బు ఏది వచ్చినా ఆటో ఎలక్ట్రీషియన్ ఓబులేష్ చెప్పే కారణం ఒక్కటే: ఎలుక. హారన్ మోగకపోయినా ఎలుకే, మోగడం మొదలుపెట్టి ఆగకపోయినా ఎలుకే. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన నోట ఇంకో కారణం విన్నవాళ్లు లేరు.

"నిన్ననే తెచ్చిన బండన్నా ఇది!" అని ఓనరు మొత్తుకున్నా, "షోరూములోనే ఎక్కిండాది" అంటాడు తొణక్కుండా. రిటైరైన మాస్టారు రామాంజనేయులు ఓసారి పైపు పెట్టి ఇంజనంతా కడిగి, ఫ్యూజులు మాడ్చుకుని భార్యతో పాటు వచ్చాడు. ఓబులేష్ తడి తుడుస్తూ, "నీళ్లకని వచ్చింటాది సార్, పాపం. ఈ ఎండలకి దానికి మాత్రం యాడ దొరుకుతాయి?" అన్నాడు. మాస్టారి భార్య ఇంటిదాకా ఎలుకనే తిట్టుకుంటూ వెళ్లింది.

అలాంటి షెడ్డుకు ఓ ఉదయం జయరాముడు కారు తెచ్చాడు. తెచ్చాడంటే తోయించుకొచ్చాడు. స్టీరింగు దగ్గర అతను, పక్క సీట్లో మొహం గంటు పెట్టుకున్న ఓనరు నాగేశ్వర.

సంగతేమిటంటే, జయరాముడు ఆ కారుకు డ్రైవరు. బెంగళూరు ఆసుపత్రుల్లో పేషెంట్లను దింపి ఒంటరిగా తిరిగొస్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయని ఓ స్టీరియో కొని, ఫోన్లో వీడియో చూస్తూ తనే బిగించేశాడు. వైర్ల జోలికి పోవద్దని ఓనరు చెప్పిన మాట మరి ఎటుపోయిందో! అప్పట్నుంచీ ఎడమ ఇండికేటర్ వేస్తే పాటకు నత్తి. ఈ పొద్దున బ్యాటరీ పూర్తిగా చచ్చింది. ఎక్కాల్సిన పేషెంటు వేరే కారులో వెళ్లిపోయాడు.

"వైర్లు నువ్వేమన్నా ముట్టుకుంటివా? ముట్టుకునింటే తాళాలు ఈడ పెట్టి ఇంటికి పో" అన్నాడు నాగేశ్వర.

"లేదన్నా, కొట్టోళ్లే బిగించిచ్చినారు." ఇద్దరు పిల్లలు కళ్లముందు మెదిలి జయరాముడు బొంకేశాడు.

ఓబులేష్ మంచి బ్యాటరీ తెచ్చి, దానికీ కారు వైరుకీ మధ్య చిన్న బల్బు తగిలించాడు. తాళం తీసేసినా బల్బు వెలుగుతూనే ఉంది, అంటే లోపల ఏదో కరెంటు తాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. స్టీరియో ఫ్యూజు పీకగానే ఆరిపోయింది.

"ఇదప్పా కథ. బండి ఆపినా ఇది నిద్రపోలేదు" అంటూ స్టీరియోను బయటికి లాగాడు.

వెనకాల వైర్లు మెలితిప్పి, టేపు లేక గాయాలకు అంటించే ప్లాస్టర్లు చుట్టి ఉన్నాయి. కారు బాడీకి తగిలించాల్సిన ఎర్త్ వైరు ఇండికేటర్ వైరుకు కలిసి ఉంది. జయరాముడి బొటనవేలికీ అదే ప్లాస్టర్. అతను గబుక్కున చెయ్యి జేబులో దాచాడు.

ఓబులేష్ ప్లాస్టర్లను చూశాడు, జేబును చూశాడు. "ఎలుక" అన్నాడు.

"ఎలుక ప్లాస్టర్ వేసినాదా అన్నా?" అన్నాడు నాగేశ్వర.

"కొరికినాక పాపమనిపించింటాది. కట్టు కట్టిండాది."

ఆ మాటకు జయరాముడికి నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఈ పెద్దాయన తన కోసం ఇంత అడ్డగోలుగా వాదిస్తుంటే నిలబడి వినలేకపోయాడు. తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎలుక కాదన్నా, నేనే. అబద్ధం చెప్పినా."

"నిద్ర చాలక ఏదేదో మాట్లాడ్తాండాడు" అన్నాడు ఓబులేష్, ప్లాస్టర్ ఊడబీకుతూ.

నాగేశ్వర ఓబులేష్ దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, పాతికేండ్ల కిందట మా నాయన జీపుకు బ్యాటరీ తిరగేసి పెట్టి వైరింగంతా కాల్చింటి నేను. ఎలుకని చెప్పినావు. మా నాయన నెల దినాలు ఇంట్లో బోన్లు పెట్టినాడు. నిన్ను భలే ఏమార్చినా అనుకుంటి. నీకు ఆపొద్దే తెలుసునా?"

"ఏ జీపప్పా? నాకు గుర్తులేదు."

నాగేశ్వర పకపకా నవ్వాడు. నవ్వి, తాళాలు తీసి జయరాముడి చేతిలో పెట్టాడు.

"మా నాయన పోయేంతవరకూ నేను చెప్పలేకపోతి. నువ్వు గంటలో చెప్పేస్తివి. పెట్టుకో."

జయరాముడు ప్లాస్టర్ వేలితో కళ్లు తుడుచుకున్నాడు.

ఓబులేష్ ఎర్త్ వైరు చివర గీకుతూ తలెత్తాడు. "వెలుతురుకు అడ్డమొచ్చినారు, ఇద్దురూ పక్కకు జరగండప్పా."