మెంతికూర పండుకున్నది

మా రాజమల్లయ్య మామకు ఒక్కటే పిచ్చి. ఇంట్ల ట్యూబులైట్ల కింద కూరగాయలు పండిస్తడు. గిదేం పెద్ద పిచ్చి అంటరా? ఆగున్రి. ఆ ట్యూబులైట్లను ఆయన 'పొద్దు' అంటడు. స్విచ్చి ఏస్తే పొద్దు పొడిసినట్టు, తీస్తే పొద్దు గూకినట్టు. సిద్దిపేట మొత్తానికి ఒక పొద్దు, మా మామకొక పొద్దు.

మామ అంటే పిల్లనిచ్చిన మామ గాదు. నేను పిండి గిర్ని నడిపే మడిగె ఆయనది. రోడ్డు మీదికి నా గిర్ని, ఎనుక ఆయన ఇల్లు, ఇంటి పక్క అర్రల దసరాకు కిరాయికి దిగిన సింధుజ. దవాఖానల నర్సు ఆ పిల్ల. మామేమో బస్సు డ్రైవరు చేసి రిటైరైండు. ఇంట్ల కూసొని ఏంజెయ్యాలె? నడి అర్ర కిటికీలకు గోనెసంచులు కొట్టి, ఇనుప అరలు నిలవెట్టి, అరకొక ట్యూబులైటు బిగించి, కింద పాత పెయింటు డబ్బాలల్ల మెంతికూర, కొత్తిమీర, పుదీన, టమాట పెట్టిండు.

"బయట గింత ఎండ ఉత్తగనే కాస్తుంటే గిదేంది మామా?" అన్న.

"ఆ ఎండకు మబ్బు పడ్తది. నా ఎండకు పట్టదు."

"మరి కరెంటు పోతే?"

"గ్రహణం," అన్నడు.

నేను నవ్విన. ఆయన నవ్వలే. ఒకనాడు నిజంగనే కరెంటు పోయింది. సూస్తే పాలగిన్నె మీద, నీళ్ల బిందె మీద గరికపోసలు ఏసి కూసున్నడు. కరెంటు వచ్చేదాక ఆయన చాయ తాగలే, నన్ను తాగనియ్యలే.

దసరా ఎల్లినంక ఆయన పొద్దు తలకిందులైంది. "మెంతికూర పప్పు చేస్తున్న, పొద్దు గూకినంక వచ్చి తినిపో మహేందరూ," అన్నడు. నేను మాపటికి కాళ్లు చేతులు కడుక్కొని పోయిన.

"ఇప్పుడిప్పుడే పొద్దు పొడుస్తుంటే అప్పుడే వచ్చినవేందిరా?" అన్నడు. ఎనుక ట్యూబులైట్లు ధగధగ వెలుగుతున్నయ్. ఇగ ఆయన పొద్దు మాపటికి పొడిసి తెల్లారినంక గూకుతదట! రాత్రి వోల్టేజీ మంచిగుంటదట! మళ్ల పొద్దుగాల పోతే పప్పు పెట్టిండు. అది నాస్తనో, రాత్రి బువ్వనో నాకు ఇప్పటికీ తెల్వదు.

సరే, ఎవని పొద్దు వానిది అనుకున్న. తెల్లారి నేను గిర్ని స్విచ్చి ఏసిన్నో లేదో, మామ లుంగీ ఎగ్గట్టుకొని ఉరికచ్చిండు.

"బందువెట్టు! బందువెట్టు!"

"ఏమైంది మామా?"

"మెంతికూర పండుకున్నది."

"మెంతికూరకు చెవులుంటయా?"

"చెట్టుకు పానముంటదా, ఉండదా?"

"ఉంటది."

"పానమున్నదానికి నిద్ర ఉంటదా, ఉండదా?"

"ఉంటది."

"మరి బందువెట్టు."

ఏడ దెబ్బతిన్ననో నాకు సమజ్ గాలే. జాగ ఆయనది, ఎదురు చెప్పలేక బందువెట్టిన. ఇగ దినాం అదే తంతు. పొద్దుగాల సంది మూడింటిదాక గిర్ని బందు.

ఎల్లవ్వ జొన్నల సంచి నెత్తిన పెట్టుకొని వచ్చింది. "గిర్ని కరాబైందా బిడ్డా?"

"లేదవ్వా. మెంతికూర పండుకున్నది."

ఎల్లవ్వ నన్ను కింది నుంచి మీదికి సూసింది. "నువ్వు మంచిగనే ఉంటివి గద బిడ్డా," అనుకుంట సంచితోని మూల మీది గిర్నికి పోయింది. ఆమె ఎనుక సగం గిరాకీ పోయింది. ఇంటికి పోతే నా పెండ్లాం వర్షిత, "నీకు గిర్ని కావాల్నా, మెంతికూర కావాల్నా, ఇయ్యాల తేల్చు," అన్నది.

మామ నన్నొక్కన్నే గాదు, ఉల్లిగడ్డల ఆటో మైకును గూడ బందు చేపిచ్చిండు. ఒకనాడు పెండ్లి బారాత్ వచ్చింది. చేతులు అడ్డంపెట్టి ఆపిండు. బ్యాండోళ్లు బాజాలు సంకల పెట్టుకొని మా ఇల్లు దాటిన్రు. అది పెండ్లో సావో తెల్వక ఎదురుంగ వచ్చేటోళ్లు బండ్లు ఆపి దండం పెట్టిన్రు.

ఇగ నా పానం ఇసిగింది. గిర్ని నడవాలె, లేకుంటే మడిగె ఖాళీ చెయ్యాలె అనుకొని మిట్టమధ్యాహ్నం పోయి మామ అర్ర తలుపు నూకిన. లోపల ట్యూబులైట్లన్నీ ఎలుగుతున్నయ్! మెంతికూర పచ్చగ నిలవడి నన్నే సూస్తున్నది.

"మామా! నీ మెంతికూర మేలుకునే ఉన్నది గద!"

మామ మీదికి సూసి నాలుక కరుసుకున్నడు. "స్విచ్చి తీసుడు యాది మరిసిన."

"అంటే గిన్నొద్దుల సంది నా గిర్ని..."

ఉరికచ్చి నా నోరు మూసిండు. అప్పుడు ఇనవడ్డది. గుర్ర్... గుర్ర్...

"మామా," అన్న ఆయన చెయ్యి తీసి, "మెంతికూర గురక పెడ్తదా?"

మామ గోడ దిక్కు సూసిండు. గోడ అవతల సింధుజ అర్ర.

"ఆ పిల్లకు నైట్ డ్యూటీరా," అన్నడు మెల్లగ. "పగలు ఈ సప్పుడుకు నిద్రలేక దిగిన కొత్తలనే స్కూటీ మీది నుంచి పడ్డది. మోకాలు పలిగింది, నువ్వూ సూసినవ్. మందికి సూదులిచ్చే చెయ్యి అది. నేను నైట్ బస్సు తోలినన్నొద్దులు పగటిపూట నన్ను ఎవలన్న కన్ను మూయనిచ్చిన్రా? ఒకపారి కునుకు పట్టి తీస్కపోయి బస్సును చెట్టుకు గుద్దిన. ఎవలికేం గాలే, నా అదృష్టం."

"మరి పిల్ల పండుకున్నదని చెప్తే అయిపోవు గదనే!"

"ఏమంటరో ఎరికేనా? పెండ్లిగాని పిల్ల పట్టపగలు ముసుగుదన్ని పండుకుంటదట అని వాడకట్టంత చెవులు కొరుక్కుంటరు. మెంతికూర పండుకున్నదంటే దాన్నెవలంటరు? నన్నంటరు. అననీ."

నేను లొల్లి పెట్టుకుందామని వచ్చినోన్ని. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఆ ముసలాయన మీద గింత ప్రేమ, గింత పావురం ఎప్పుడు పుట్టిందో గూడ తెల్వలే.

"నాకన్న చెప్పరాదే మామా?"

"నీకు చెప్తే గిర్నికి వచ్చినోళ్లందరికి చెప్తవ్."

అదీ నిజమే. ఇప్పుడు మీకు చెప్తలేనా?

ఇప్పుడు నా గిర్ని మూడింటికి మొదలై బాగ చీకటి పడ్డదాక నడుస్తది. వర్షితకు చెప్తే, "గట్లనా, అయితే నడువనీ," అన్నది. మూల మీది గిర్నిల పిండి బరకగుంటదని ఎల్లవ్వ గూడ మళ్ల వచ్చింది.

మొన్న పగటిపూట ఒక పాత సామాన్లాయన అరుసుకుంట వస్తుంటే నేనే ఉరికి, "శ్! మెంతికూర పండుకున్నది!" అన్న. మూడింటికి సింధుజ ఆవులించుకుంట బయటికొచ్చింది. మామ ఇచ్చిన మెంతికూర కట్ట చేతిల ఉన్నది. మొఖం కడిగిన ముత్యం లెక్క ఉన్నది.

"అన్నా, అంకులంటే పెద్దాయన, ఏదో చాదస్తం. నువ్వు గూడ ఆయనతోని కలిసినవేందే?" అని పకపక నవ్వింది. "మెంతికూరకు చెవులుంటయా చెప్పు?"

"చెవులొక్కటేనా చెల్లే," అన్న. "గురక గూడ పెడ్తది."